అడవి కొలువుకు ఏం చదవాలి

మార్కాపురం

భార్గవీ,

నువ్వు పెట్టిన అంత పొడుగు మెసేజి మీ పిన్ని చదివి వినిపించింది. ఆ ఫోను మీద టైపు కొట్టడం నా వల్ల కాదు గనక కాగితం మీద రాస్తున్నాను, పిన్ని ఫొటోలు తీసి పంపుతుంది. ఉద్యోగమంతా జీపు బానెట్ మీదా మోకాలి మీదా కాగితం పెట్టుకుని రాసిన చేతిరాత ఇది. ఎక్కడైనా అర్థం కాకపోతే అడుగు.

వైల్డ్‌లైఫ్ ఆఫీసర్ కావాలంటే బైపీసీ, ఆ తర్వాత జువాలజీ ఉండాలట, ఎంపీసీ తీసుకుని దారి తప్పానేమో అని దిగులు పడ్డావు. ఆ దిగులు అక్కర్లేదు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు, అంటే ఐఎఫ్ఎస్‌కు, యూపీఎస్సీ అడిగేది ఇది: పశువైద్యం, వృక్షశాస్త్రం, రసాయన శాస్త్రం, భూగర్భశాస్త్రం, గణితం, భౌతిక శాస్త్రం, గణాంక శాస్త్రం, జంతుశాస్త్రం, వీటిలో ఒక్కటైనా సబ్జెక్టుగా ఉన్న డిగ్రీ. లేదంటే వ్యవసాయంలోనో, ఫారెస్ట్రీలోనో, ఇంజనీరింగ్‌లోనో డిగ్రీ. కాబట్టి లెక్కలు చదివిన పిల్లకు తలుపు తెరిచే ఉంది. మీ నాన్న బీటెక్ అని పట్టుబడుతున్నాడని రాశావు చూడు, ఆ విషయంలో ఆయనతో కొట్లాడాల్సిన పని లేదు. బీటెక్ చదివినవాళ్లు ఈ సర్వీసులోకి ఏటా వస్తూనే ఉన్నారు. గమ్మత్తేమిటంటే ఎంబీబీఎస్ ఆ జాబితాలో లేదు. వట్టి ఎల్ఎల్‌బీ కూడా చెల్లదు. చట్టం అమలు చేయాల్సిన ఉద్యోగానికి లా పట్టా అర్హత కాదు! దీని సంగతి మళ్లీ చెప్తాను, ఎందుకంటే అసలు కిటుకంతా అక్కడే ఉంది.

ముందు ఇంకో విషయం. 'వైల్డ్‌లైఫ్ ఆఫీసర్' అనే పేరుతో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో విడిగా నియామకం లేదు. నువ్వు అటవీ శాఖలో చేరతావు. చేరాక నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వుకు వేస్తారో, శేషాచలంలో ఎర్రచందనం కాపలాకు వేస్తారో, ఏ నర్సరీలోనో మొక్కలు లెక్కపెట్టిస్తారో, అది శాఖ ఇష్టం. పులి కోసం చేరి రోడ్డు పక్క మొక్కలకు నీళ్లు పోయించినవాళ్లను చాలామందిని చూశాను. ఆ పనీ చేయాల్సిందే. అది చిన్నతనం అనుకునేవాళ్లు ఈ శాఖకు రాకపోవడమే మేలు.

ఢిల్లీలో వైల్డ్‌లైఫ్ క్రైమ్ కంట్రోల్ బ్యూరో ఉంది కదా అని అడిగావు. ఉంది. రాజస్థాన్‌లోని సరిస్కాలో 2005 నాటికి ఒక్క పులీ మిగల్లేదని బయటపడి దేశమంతా గగ్గోలు పుట్టాక, 2006లో చట్టాన్ని సవరించి 2007లో ఆ బ్యూరోను పెట్టారు. కాకపోతే అందులోకి ఎక్కువగా పోలీసు, కస్టమ్స్, అటవీ శాఖల నుంచి డెప్యుటేషన్ మీద తీసుకుంటారు. కాలేజీ నుంచి నేరుగా అక్కడికి పోయే దారి లేనట్టే. ఇక నువ్వు పంపిన ఆ ప్రకటన, ఆరు నెలల్లో వన్యప్రాణి నేర పరిశోధన డిప్లొమా ఇస్తామన్నది. నేను చూసిన ఏ నోటిఫికేషన్లోనూ అలాంటి కాగితాన్ని అర్హతగా అడగలేదు. ఆ డబ్బు పెట్టి ఒక జత మంచి బూట్లు, ఒక బైనాక్యులర్ కొనుక్కో.

మెట్లు కింది నుంచి చెప్తాను, నేను ఎక్కింది అలాగే గనక. మొదటిది బీట్ ఆఫీసర్. మా రోజుల్లో గార్డు అనేవాళ్లు, ఊళ్లలో ఇప్పటికీ అదే పిలుపు. దీనికి ఇంటర్ పాసైతే చాలు. 2025లో ఏపీపీఎస్సీ 256 బీట్ ఆఫీసర్, 435 అసిస్టెంట్ బీట్ ఆఫీసర్ పోస్టులకు ఒకే నోటిఫికేషన్ ఇచ్చింది. ఇంటర్ చాలన్నారు కదా అని తేలిగ్గా తీసుకోకు, నీ పక్క బెంచీలో కూర్చుని రాసేది బీటెక్‌లూ ఎమ్మెస్సీలూనే. దాని పైది సెక్షన్ ఆఫీసర్, అంటే ఫారెస్టర్. దానికి సైన్సు సబ్జెక్టులున్న డిగ్రీగానీ, నోటిఫికేషన్లో పేరు రాసిన ఇంజనీరింగ్ బ్రాంచిగానీ కావాలి. ఆపైన రేంజి ఆఫీసర్, జనం నోట రేంజరు. దానికీ డిగ్రీయే, జాబితా ఇంచుమించు ఐఎఫ్ఎస్ లాంటిదే. ఒక్క జాగ్రత్త: యూపీఎస్సీ 'ఇంజనీరింగ్' అని ఊరుకుంటుంది, రాష్ట్రం మాత్రం బ్రాంచీలు పేరుపేరునా రాస్తుంది. కౌన్సెలింగ్‌లో బ్రాంచి పెట్టుకునేముందు పాత నోటిఫికేషన్లు తీసి ఆ జాబితా చూసుకో.

బీటెక్ వద్దనుకుంటే గణితమో భౌతికశాస్త్రమో మేజర్‌గా బీఎస్సీ చెయ్యి. ఫారెస్ట్రీయే కావాలంటే తెలంగాణలో ములుగులో ఫారెస్ట్ కాలేజీ ఉంది, నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్. ములుగు అంటే మేడారం దగ్గరిది కాదు, సిద్దిపేట జిల్లాలోది. చాలామంది అక్కడ పొరబడతారు.

ఉద్యోగం వచ్చాక శిక్షణ ప్రభుత్వమే ఇస్తుంది. మన దగ్గర రాజమహేంద్రవరంలో, తెలంగాణకు హైదరాబాద్ శివార్లలోని దూలపల్లిలో అకాడమీలున్నాయి. రేంజర్లకు పద్దెనిమిది నెలల కోర్సు. ఐఎఫ్ఎస్ వాళ్లు డెహ్రాడూన్‌లోని ఇందిరాగాంధీ నేషనల్ ఫారెస్ట్ అకాడమీకి పోతారు. సర్వీసులో ఉండగా అదే ఊళ్లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌కూ కొందరిని పంపుతారు, 1982లో పెట్టిన సంస్థ అది. అందుకని సిల్వికల్చర్ (అడవుల పెంపకం) రాదే, సర్వే రాదే అని ఇప్పుడే బెంగ వద్దు.

నడక పరీక్ష మాత్రం ఎవరూ నేర్పరు. రాష్ట్ర పోస్టులకు మగవాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడవాలి. ఐఎఫ్ఎస్‌లో ఆడవాళ్లకు 14. గంటకు నాలుగు కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. మొదటి గంట అందరూ కబుర్లు చెప్పుకుంటూ నడుస్తారు. మూడో గంటలో మడమలు బొబ్బలెక్కి తారురోడ్డు మీద కూలబడతారు. రాత పరీక్షలో మంచి మార్కులు వచ్చినవాళ్లు ఇక్కడ పోవడం చూశాను. కొత్త బూట్లతో పరీక్షకు పోవద్దు. ఆడవాళ్లకు ఎత్తు 150 సెంటీమీటర్లు, ఎస్టీలకు సడలింపు ఉంది. నీకు ఆ ఇబ్బంది లేదనుకుంటాను. కంటి చూపుకూ ప్రమాణాలుంటాయి, అద్దాలు పెట్టుకున్నావు గనక ముందే డాక్టరుకు చూపించుకో.

ఇక అసలు విషయం. బీట్ ఆఫీసర్ పరీక్షలో వ్యాసరచన పేపరు ఒకటి ఉంటుంది, 50 మార్కులు. అది కేవలం గట్టెక్కితే చాలు, ర్యాంకులో లెక్కలోకి రాదు. కాబట్టి కోచింగుల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. జనరల్ సైన్సు బట్టీ పడతారు, లెక్కలు రుద్దుతారు, వ్యాసం చివరి వారానికి వదిలేస్తారు. నన్నడిగితే ఉద్యోగంలోకి వచ్చాక రోజూ పనికొచ్చేది ఆ ఒక్క పేపరే. చూసింది చూసినట్టు కాగితం మీద పెట్టడం. నా సర్వీసులో జింకను చంపినవాళ్లు తప్పించుకున్న సందర్భాలు తలుచుకుంటే, అడవిలో పారిపోయినవాళ్ల కంటే కోర్టులో మన కాగితం సందులోంచి జారిపోయినవాళ్లే ఎక్కువ.

ఎందుకో చెప్తాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 50వ సెక్షన్ చదువు. నేరం జరిగిందని నమ్మడానికి తగిన ఆధారం ఉంటే ఆపి సోదా చేయడానికి, సరుకు పట్టుకోవడానికి, వారెంటు లేకుండా అరెస్టు చేయడానికి ఎవరికి అధికారం ఉందో అందులో ఉంటుంది. పోలీసుల్లో అయితే ఎస్సై హోదాకు తగ్గనివాళ్లకే. అటవీ శాఖలో అయితే 'ఏ ఫారెస్ట్ ఆఫీసరైనా' అని ఉంది. అంటే ఇంటర్ చదివి నిన్నగాక మొన్న చేరిన ఇరవయ్యేళ్ల బీట్ ఆఫీసర్‌కు కూడా! కానిస్టేబులుకు లేని అధికారం ఆ పిల్లకు చట్టం ఇచ్చేసింది. లా చదివిన పట్టా మాత్రం అడగలేదు. అందుకే నేనంటాను, ఆ లోటు మనమే పూడ్చుకోవాలి.

ఇంకొకటి. ఈ కేసులకు పోలీసు కేసుల్లా ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు అనే రోడ్డు కాదు. 55వ సెక్షన్ ప్రకారం అధికారం ఉన్న అధికారి మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు దాఖలు చేయాలి. పెద్ద నేరాల్లో ఛార్జి పెట్టకముందు ఒకసారి సాక్ష్యం చెప్పాలి, పెట్టాక ముద్దాయి లాయరు మళ్లీ పిలిచి అడ్డప్రశ్నలు వేస్తాడు. ఈ రెండింటి మధ్య ఏళ్లు గడుస్తాయి. అప్పటికి నీకు రెండు బదిలీలై ఉంటాయి. మధ్యవర్తిగా సంతకం పెట్టిన వీఆర్వో రిటైరై ఉంటాడు. ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పడానికి నీ పంచనామా తప్ప ఇంకేమీ మిగలదు.

ఒక రేంజిలో జరిగింది చెప్తాను, పేరెందుకులే. చెక్‌పోస్టు దగ్గర రాత్రి ఆటో ఆపితే గోనెసంచిలో మాంసం దొరికింది. మనుషులు దొరికారు, కత్తి దొరికింది, ఆటో దొరికింది. ముక్క తీసి హైదరాబాద్ పంపారు. అక్కడ సీసీఎంబీ అనే పరిశోధన సంస్థకు లాకోన్స్ అనే విభాగం ఉంది, అత్తాపూర్ దగ్గర. మాంసం ముక్కనో, వెంట్రుకనో, కొమ్ము తునకనో పట్టి అది ఏ జంతువుదో డీఎన్ఏతో తేలుస్తారు. లాల్జీ సింగ్ గారు, ఎస్.కె. వర్మ గారు రూపొందించిన పద్ధతి అది, పాడైపోయిన ముక్క నుంచి కూడా జాతి చెప్పగలదు. రిపోర్టు వచ్చింది, చుక్కల దుప్పి అని. ఇంకేముంది, శిక్ష ఖాయం అనుకున్నారు అందరూ.

ముద్దాయి లాయరు దుప్పి జోలికే పోలేదు. "ముక్క మీద వేసిన సీలు గుర్తేమిటి?" అన్నాడు. పంచనామాలో రాయలేదు. "పట్టుకున్న రోజుకూ పంపిన రోజుకూ మధ్య ఆ ముక్క ఎక్కడుంది?" అన్నాడు. సిబ్బందిలో ఒకరి ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంది. అది ఏ రిజిస్టరులోనూ లేదు. లేబొరేటరీ పరీక్షించింది ఆటోలో దొరికిన ముక్కేనని చూపించే కాగితం లేదన్నాడు, కోర్టు ఒప్పుకుంది, కేసు పోయింది. శాఖలో అందరూ లాయర్లను తిట్టుకున్నారు. లాయరు తన పని తను చేశాడు. సీలు గుర్తు రాయడానికి ఒక్క వాక్యం చాలు, ఆ వాక్యం ఎవరూ రాయలేదు.

అందుకని నీకు నేను పెట్టే మొదటి హోంవర్కు అడవిలో కాదు. మీ ఊరి చెరువు గట్టుకు పో. పది నిమిషాలు నిలబడు. ఇంటికొచ్చి ఒక పేజీ రాయి: టైమెంత, నువ్వు నిలబడింది ఎక్కడ, ఏ దిక్కున ఏముంది, ఎంత దూరంలో, ఎవరున్నారు, వాళ్లు ఏం చేస్తున్నారు. రాశాక అందులో 'అనుమానాస్పదంగా', 'అందంగా', 'చాలా' అన్న మాటలుంటే కొట్టేయ్. కొలిచింది ఉంచు, ఊహించింది తీసెయ్. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాయి. పల్లెటూరి సాక్షి తెలుగులో చెప్తాడు, ఫైలు చాలాసార్లు ఇంగ్లీషులో నడుస్తుంది. రెండూ వచ్చినవాళ్లు శాఖలో ఎప్పుడూ కొరతే.

రెండోది, చట్టం పుస్తకం. సవరణలు కలిపిన కొత్తదే కొను. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఆరు షెడ్యూళ్లుండేవి, ఇప్పుడు నాలుగు. పాత పుస్తకం చదివితే ఏ జంతువు ఏ షెడ్యూల్లో ఉందో అన్నీ తప్పే చెప్తావు. పులి, చిరుత, అలుగు లాంటివి మొదటి షెడ్యూల్. వాటి జోలికి పోతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. అన్నట్టు మన ఊళ్లలో పంజరంలో పెట్టుకునే రామచిలక కూడా ఈ చట్టం కిందికే వస్తుంది. మీ పక్కింటావిడకు మెల్లగా చెప్పు, నువ్వు ఆఫీసరయ్యేదాకా ఆగకు.

డిగ్రీ అయ్యాక వీలుంటే హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీలో జంతు రక్షణ చట్టాల మీద దూరవిద్యలో పీజీ డిప్లొమా ఉంది, అది చూడు. దానితో ఉద్యోగం రాదు, వచ్చిన ఉద్యోగం బాగా చేస్తావు.

ఇంజనీరింగ్ చదువు అడవిలో వృథా అని మాత్రం అనుకోకు. ఇప్పుడు గస్తీ కూడా ఎం-స్ట్రైప్స్ అనే యాప్‌లో నమోదవుతుంది, ఎవరు ఏ దారిన ఎంత నడిచారో మ్యాపు మీద కనిపిస్తుంది. పులుల లెక్కకు కెమెరా ట్రాపులు. వేటగాళ్లు కూడా మారారు. నక్షత్ర తాబేళ్ల బేరం ఒకప్పుడు సంతలో జరిగేది, ఇప్పుడు ఫోన్లలో జరుగుతోంది. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త నేర చట్టాల్లో సోదాను వీడియో తీయాలన్నారు. ఫోన్లో దొరికిన ఫొటోను కోర్టులో పెట్టాలంటే దానికి సర్టిఫికెట్ జతచేయాలి, హ్యాష్ విలువ రాయాలి. ఆ హ్యాష్ ఏమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా ఎక్కలేదు. నీలాంటి పిల్ల శాఖలో ఉంటే మా అమాయకులు పక్కనున్న మీసేవకు పరుగెత్తే పని ఉండదు.

పుస్తకాల్లో లేని చదువు ఒకటుంది. నల్లమలలో బేస్ క్యాంపుల్లో చెంచు వాచర్లు ఉంటారు. జీతం తక్కువ, డిగ్రీలు లేవు. తీగ ఉచ్చు చూసి ఎన్నాళ్ల కిందట కట్టారో చెప్తారు. ఎండిపోయిన వాగు ఇసుకలో అడుగుజాడ చూసి చిరుతో, పులి కూనో తేలుస్తారు. కొత్తగా వచ్చే ఆఫీసర్లలో కొందరు వాళ్లను 'ఒరేయ్' అంటారు. నువ్వు పెద్దవాళ్లను 'అయ్యా' అను, చిన్నవాళ్లను పేరుపెట్టి పిలువు, అడిగి నేర్చుకో. వాళ్లలాంటివాళ్ల కోసం వచ్చిన 2006 అటవీ హక్కుల చట్టాన్ని 1972 చట్టం పక్కనే పెట్టుకుని చదువు. ఒకటి మాత్రమే చదివి వచ్చినవాళ్లకు అడవిలో కనిపించే ప్రతి మనిషీ నేరస్తుడే. తేనె తీసుకునేవాడినీ, కరెంటు తీగ వేసి దుప్పిని చంపేవాడినీ ఒకే కేసులో పెట్టేవాళ్లను నేనైతే ఆఫీసర్లనను.

మీ నాన్న భయం గురించి కూడా రాశావు. ఆయన భయం ఉత్తదని చెప్పి నిన్ను మభ్యపెట్టను. 2013 డిసెంబర్‌లో శేషాచలంలో ఎర్రచందనం దొంగలు మన సిబ్బంది ఇద్దర్ని చంపేశారు. 2019లో కాగజ్‌నగర్ దగ్గర సార్సాలలో మొక్కలు నాటించడానికి పోయిన మహిళా రేంజర్‌ను కర్రలతో కొట్టారు. 2022 నవంబర్ 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ రేంజి ఆఫీసర్ చలమల శ్రీనివాసరావు గారు పోడు గొడవలో ప్రాణం పోగొట్టుకున్నారు. ఆ తర్వాత అక్కడి సిబ్బంది ఆయుధాలు కావాలని అడిగారు. నా అభిప్రాయం వేరు. తుపాకీ ఉంటే కొన్నిచోట్ల ప్రాణం దక్కుతుంది, నిజమే. కానీ పోడు తగాదాకు మందు తుపాకీ కాదు. పట్టా ఎవరికి ఉందో, ఎవరిది పెండింగులో ఉందో ముందే తెలుసుకుని, రెవెన్యూ వాళ్లను వెంటబెట్టుకుని, పగటి పూట, నలుగురితో పోవడం. ఇందులో సగం మళ్లీ కాగితం పనే.

ఆడపిల్లకు ఈ ఉద్యోగమా అన్న మాటకు జవాబు పొడుగు అక్కర్లేదు. ఐఎఫ్ఎస్‌లోకి ఆడవాళ్లు 1980 బ్యాచ్‌లోనే వచ్చారు. బీటుల్లో, సెక్షన్లలో ఇప్పుడు ఆడపిల్లలు చాలామందే ఉన్నారు. బేస్ క్యాంపుల్లో వాళ్లకు బాత్‌రూములు సరిగ్గా లేవు, అది మాత్రం శాఖ సిగ్గుపడాల్సిన సంగతి. నువ్వు చేరాక ఆ విషయం గట్టిగా అడుగు.

ఇప్పటికి నీ పని ఇంటర్ పరీక్షలు. అడవి ఎక్కడికీ పోదు, పరీక్ష తేదీ పోతుంది. ఎండాకాలం సెలవులకు రా. మార్కాపురం కోర్టులో అటవీ కేసు వాయిదా ఉన్న రోజు చూసి తీసుకెళ్తాను. వెనక బల్లమీద కూర్చుని అడ్డప్రశ్నలు విను. కోర్టు విచారణకు టికెట్టు లేదు, ఎవరైనా కూర్చోవచ్చు. ఫోను మాత్రం లోపల ఆపేయాలి, కాబట్టి నోటుబుక్కు తెచ్చుకో.

ఇట్లు,
మీ బాబాయి